కండర శక్తి రహస్యం – యల్లాప్రగడ సుబ్బారావు

అమలాపురం, అంబాజీపేట, రాజోలు, కొత్తపేట ప్రాంతాల కొబ్బరితోటలలో దింపు తీసే కార్మికుడు రోజుకు పదుల కొద్దీ చెట్లు ఎక్కి దిగుతాడు. చెట్టు మొదట నిలిచి ఉన్నప్పుడు నెమ్మదిగా కొట్టుకునే అతని గుండె, మొవ్వు చేరేసరికి వేగం పుంజుకుంటుంది. కిందికి దిగి, చెట్టు నీడన కాసేపు కూర్చుంటే కాళ్ళూ చేతులూ సేదతీరుతాయి. గుండెకు మాత్రం ఆ అవకాశం లేదు. నిమిషానికి 72 సార్ల లెక్కన చూచినా అది రోజుకు లక్ష సార్లకు పైగా ముడుచుకోవాలి, లక్ష సార్లకు పైగా విప్పారాలి. ఈ నిరంతర శ్రమకు కావలసిన శక్తి దానికి ఏ రూపంలో అందుతుంది? శతాబ్దాల పాటు శాస్త్రజ్ఞులకు అంతుచిక్కని ఈ ప్రశ్నకు సమాధానం వెదకినవారిలో అగ్రగణ్యుడు ఒక తెలుగువాడు. రాజోలు వైపు నుండి వసిష్ఠ గోదావరిని దాటితే నరసాపురం, దానికి ఆవల భీమవరం. ఆ భీమవరంలో పుట్టి, గోదావరి నీరు తాగి పెరిగి, అమెరికా ప్రయోగశాలలలో జీవితాన్ని ధారపోసిన ఆ మహనీయుడే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన ఆనాటి మద్రాసు రాష్ట్రంలోని గోదావరి సీమలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో సుబ్బారావు నాలుగవవారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ముందుగానే ఉద్యోగం నుండి విరమించవలసి వచ్చింది. పెద్ద కుటుంబం, చిన్న ఆదాయం. సంసారభారమంతా వెంకమ్మ భుజాలపై పడింది. పిల్లలు చదువుకొని వృద్ధిలోకి రావాలన్నదే ఆమె ఏకైక ఆశయం. కాని బాల్యంలో సుబ్బారావుకు చదువుపై శ్రద్ధ కుదరలేదు. పదమూడేళ్ళ వయస్సులో ధనం సంపాదించాలన్న తలంపుతో ఇల్లు విడిచి కాశీకి బయలుదేరారు. అక్కడికి వచ్చే యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు కూడబెట్టవచ్చునని ఆ బాలుని ఊహ. తల్లి మనుషులను పంపి వెనుకకు రప్పించి, మరల బడిలో చేర్చింది.

రాజమహేంద్రవరంలో ప్రారంభమైన ఉన్నత పాఠశాల విద్య మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాలలో ముగిసింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో ఆయన రెండుసార్లు తప్పి, మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారు. ఈ మధ్యకాలంలోనే తండ్రి కన్నుమూశారు. ఉన్న కొద్దిపాటి నగలను అమ్మి తల్లి కుమారుని చదువు నిలబెట్టిందని జీవిత చరిత్రకారులు పేర్కొన్నారు. తరువాత ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివారు. పరీక్షలో పదేపదే తప్పిన ఆ విద్యార్థి కొన్నేళ్ళకు జీవరసాయన శాస్త్రపు దిశనే మార్చివేస్తాడని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

కళాశాల రోజులలో సుబ్బారావు మనస్సు ఆధ్యాత్మిక చింతనవైపు మళ్ళింది. రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని ఆయన సంకల్పించారు. తల్లి అనుమతి లేనిదే స్వీకరించలేమని మఠంవారు తెలిపారు. వెంకమ్మ అందుకు సమ్మతించలేదు. సన్యాసం తీసుకోకపోయినా ఇతరుల బాధను తొలగించడమే సేవ అన్న భావం ఆయనలో స్థిరపడింది. ఆ భావమే ఆయనను మద్రాసు వైద్య కళాశాలకు నడిపించింది. గాంధీజీ పిలుపుతో విదేశీ వస్తు బహిష్కరణకు స్పందించి, ఆయన శస్త్రచికిత్స తరగతులకు ఖద్దరు వస్త్రాలు ధరించి వెళ్ళారు. శస్త్రచికిత్స ఆచార్యునికి ఇది ఆగ్రహం కలిగించింది. తత్ఫలితంగా రాతపరీక్షలలో ప్రతిభ చూపినప్పటికీ సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకంటె తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే ఆయన తృప్తిపడవలసి వచ్చింది.

ఇంతలో కుటుంబంపై పిడుగుపాటు వంటి విపత్తు వచ్చిపడింది. స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరులు ఇద్దరిని రోజుల వ్యవధిలో బలిగొన్నది. తిన్న ఆహారం ఒంటబట్టక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషిని క్షీణింపజేసే వ్యాధి అది. నాటి వైద్యంలో దానికి సరియైన మందు లేదు. వైద్య విద్యార్థి అయి ఉండి కూడా సుబ్బారావు నిస్సహాయులుగా చూస్తూ ఉండవలసి వచ్చింది. కొంతకాలానికి ఆయనే ఆ వ్యాధి బారిన పడ్డారు. ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు. తనవారిని పొట్టనబెట్టుకున్న రోగానికి మందు కనుగొనాలన్న పట్టుదల అప్పుడే ఆయన హృదయంలో నాటుకొన్నది.

పట్టా పొందిన పిదప ఆయన మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. 1919లో శేషగిరితో వివాహం జరిగింది. పరిశోధన చేయాలన్న కోరిక ఆయనను నిలువనీయలేదు. అమెరికా వెళ్ళి ఉష్ణమండల వ్యాధులను అధ్యయనం చేయాలని నిర్ణయించుకున్నారు. కాకినాడకు చెందిన మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆర్థిక సహాయం అందించారు. గర్భవతిగా ఉన్న భార్యను పుట్టింట విడిచి, కొద్ది సంవత్సరాలలో తిరిగివస్తానన్న నమ్మకంతో సుబ్బారావు ఓడ ఎక్కారు. 1922 అక్టోబరు 26వ తేదీన బోస్టన్ నగరం చేరుకున్నారు. ఆ తరువాత ఆయన మరల స్వదేశాన్ని గాని, భార్యను గాని చూడలేదు. పుట్టిన కుమారుడు తండ్రి ముఖం ఎరుగకుండానే పసితనంలో మరణించాడు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వైద్య పాఠశాలలో ప్రవేశం లభించింది గాని విద్యార్థి వేతనం లభించలేదు. భారతదేశంలో పొందిన పట్టాతో అక్కడ వైద్యవృత్తి చేయడానికి వీలులేదు. అందువల్ల పొట్ట పోసుకోవడానికి ఆయన ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పనివానిగా చేరారు. రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేయడం, పక్కలు సర్దడం ఆ ఉద్యోగపు విధులు. రాత్రి ఆసుపత్రి, పగలు తరగతి. మద్రాసులో వైద్యుడుగా పాఠం చెప్పిన వ్యక్తి ఈ పనులను చిన్నతనంగా భావించలేదు. డిప్లొమా పొందిన తరువాత హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రజ్ఞుని వద్ద పరిశోధకునిగా కుదురుకున్నారు.

ఫిస్కే ఆయనకు అప్పగించిన పని చూడటానికి చిన్నది. రక్తంలో, మూత్రంలో ఉండే భాస్వరాన్ని కచ్చితంగా కొలిచే పద్ధతి కనుగొనాలి. భాస్వరం ప్రాణుల శరీరంలో ఫాస్ఫేట్ రూపంలో ఉంటుంది. ఫాస్ఫేట్ ఉన్న ద్రావణానికి ఆమ్లంతో కూడిన మాలిబ్డేట్‌ను చేర్చి, ఆపై మరొక రసాయనంతో చర్య జరిపితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువగా ఉంటే రంగు అంత చిక్కనవుతుంది. ఆ నీలిమను తెలిసిన ప్రమాణంతో పోల్చి భాస్వరం పరిమాణాన్ని లెక్కగట్టవచ్చు. ఈ పద్ధతిని సులభంగా, నమ్మదగినదిగా తీర్చిదిద్ది ఫిస్కే, సుబ్బారావులు 1925లో ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో అది ప్రపంచమంతటా జీవరసాయన విద్యార్థుల తొలిపాఠాలలో ఒకటయింది.

ఆ రోజులలో కండరానికి సంబంధించిన సిద్ధాంతం వేరుగా ఉండేది. బ్రిటన్‌కు చెందిన ఏ.వి. హిల్, జర్మనీకి చెందిన ఒట్టో మేయర్‌హాఫ్ కండరాలపై చేసిన పరిశోధనలకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి పొందారు. కండరం పనిచేసినప్పుడు అందులోని గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం ఏర్పడటమే సంకోచానికి మూలకారణమని ఆనాటి శాస్త్రలోకం విశ్వసించేది. నోబెల్ బహుమతి పొందిన ఆ భావనను ప్రశ్నించే అవసరం ఎవరికీ కలుగలేదు.

సుబ్బారావు తమ కొత్త పద్ధతితో కండరంలోని భాస్వరాన్ని కొలిచేటప్పుడు ఒక వింత కనిపించింది. రక్తంతో చేసినప్పుడు వెంటనే వచ్చే నీలిరంగు, కండరపు సారంతో చేసినప్పుడు ఆలస్యంగా, నిమిషాలు గడిచేకొద్దీ క్రమంగా చిక్కబడుతూ వచ్చింది. ఇది ప్రయోగదోషమని కొట్టివేయడం సులభం. ఆయన అలా చేయలేదు. రంగు ఆలస్యమైనదంటే ఫాస్ఫేట్ మొదట స్వేచ్ఛగా లేదనీ, మరేదో పదార్థంతో బలహీనంగా బంధించబడి ఉండి పరీక్షలోని ఆమ్లంలో మెల్లమెల్లగా విడివడుతున్నదనీ అర్థం. ఆ పదార్థాన్ని వేరుచేసి చూడగా అది క్రియాటిన్, ఫాస్ఫేట్ కలిసిన సంయోగంగా తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. పిల్లి కండరాన్ని ప్రేరేపించి పనిచేయించినప్పుడు ఈ పదార్థం తగ్గిపోవడం, విశ్రాంతినిచ్చినప్పుడు తిరిగి పెరగడం గమనించారు. అంటే కండరం తన అవసరానికి దాచుకున్న నిల్వ శక్తి ఇదే. 1927లో ఈ ఆవిష్కరణ వెలువడింది. అదే సంవత్సరంలో ఇంగ్లండులో ఎగల్టన్ దంపతులు కూడా స్వతంత్రంగా ఈ పదార్థపు ఉనికిని గుర్తించారు.

ఆ తరువాత మరొక గొప్ప ఆవిష్కరణ జరిగింది. కండరంలో మూడు ఫాస్ఫేట్ బృందాలు వరుసగా కూర్చబడిన మరొక పదార్థాన్ని ఫిస్కే, సుబ్బారావులు 1929లో ప్రకటించారు. అదే ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్. సంక్షిప్తంగా ఏ.టి.పి. ఆ ఏడాదే జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దానిని కనుగొన్నారు. తిన్న అన్నంలోని శక్తి, పీల్చిన ప్రాణవాయువు సహాయంతో, చివరకు ఏ.టి.పి. రూపంలోనికి మారిన తరువాతనే కణానికి ఉపయోగపడుతుంది. కొబ్బరికాయలను, ధాన్యాన్ని సంతలో అమ్మి రైతు రూపాయలుగా మార్చుకొని ఇంటి ఖర్చులు జరుపుకున్నట్లు, శరీరం కూడా ఆహారాన్ని ఏ.టి.పి. అనే నాణెంగా మార్చుకొని ఖర్చుచేస్తుంది. చివరి ఫాస్ఫేట్ విడివడినప్పుడు వెలువడే శక్తే కండరాన్ని నడిపిస్తుంది. ఏ.టి.పి. తరిగినప్పుడు దానిని తక్షణమే పూరించే అత్యవసర నిధి ఫాస్ఫోక్రియాటిన్.

1930లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం ఏ మాత్రం పుట్టకుండా చేసినప్పటికీ కండరం కొంతసేపు సంకోచించగలదని, ఆ సమయంలో ఖర్చయ్యేది ఫాస్ఫోక్రియాటినేనని నిరూపించారు. పాత సిద్ధాంతం కూలిపోయింది. దానికి పునాది వేసిన హిల్ స్వయంగా ఈ మార్పును విప్లవంగా గుర్తించి అంగీకరించారు. ఒక ద్రావణంలో నీలిరంగు కొంచెం ఆలస్యంగా రావడాన్ని నిర్లక్ష్యం చేయకపోవడం వల్ల ఇంత పెద్ద మార్పు సాధ్యపడింది.

1930లో సుబ్బారావు హార్వర్డ్ నుండి పిహెచ్.డి. పట్టా పొందారు. అయితే ఆవిష్కరణకు తగిన స్థానం మాత్రం దక్కలేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలు సకాలంలో ప్రచురణకు నోచుకోక, ఇతరులు వాటిని మరల కనుగొనవలసి వచ్చిందని, ఆయన సహోద్యోగి, 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జ్ హిచింగ్స్ తరువాతి కాలంలో అభిప్రాయపడ్డారు. సుబ్బారావు ఈ అన్యాయాలను గురించి వాదులాడలేదు. ప్రచారానికి దూరంగా ఉండటం ఆయన స్వభావం. తన పేరు కంటె పని ముఖ్యమని ఆయన నమ్మకం.

1940లో ఆయన హార్వర్డ్‌ను వీడి న్యూయార్క్ సమీపంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరారు. కొద్దికాలంలోనే పరిశోధనా విభాగానికి సారథి అయ్యారు. యవ్వనంలో చేసిన ప్రతిజ్ఞ ఇక్కడ ఫలించింది. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ వ్యాధిలో వచ్చే రక్తహీనతకు అది దివ్యౌషధమయింది. తన సోదరులను కాపాడలేకపోయిన ఆ వైద్యుడు ఏళ్ళ తరువాత ఎందరి సోదరులనో కాపాడగలిగాడు. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే ఎమినోప్టెరిన్‌ను కూడా ఆయన బృందమే రూపొందించింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానిని రక్తపు క్యాన్సర్‌తో బాధపడే పిల్లలకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టడాన్ని 1948లో లోకానికి వెల్లడించారు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్ చికిత్సలో వాడుకలో ఉన్నది. ఆయన ఆధ్వర్యంలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవి నాశకాన్ని కనుగొన్నారు.

కోనసీమ ప్రజలు సుబ్బారావుకు ప్రత్యేకంగా ఋణపడి ఉన్న విషయం మరొకటి ఉన్నది. కాలువలు, చెరువులు, దోమలు నిండిన గోదావరి డెల్టాలో బోదకాలు తరతరాలుగా పీడించిన వ్యాధి. దానికి కారణమైన ఫైలేరియా క్రిములను నిర్మూలించే డైఇథైల్‌కార్బమజైన్ అనే మందు 1947లో ఆయన ప్రయోగశాల నుండే వెలువడింది. 2004 నుండి భారత ప్రభుత్వం ఫైలేరియా ప్రబలిన జిల్లాలలో ఇంటింటికీ పంపిణీ చేసిన డి.ఇ.సి. మాత్ర ఇదే. ఆరోగ్య కార్యకర్త చేతినుండి ఆ మాత్రను తీసుకొని మింగిన పల్లెవాసులలో అది గోదావరి ఒడ్డున పుట్టినవాని కృషి అని ఎరిగినవారు బహు కొద్దిమంది.

విదేశంలో ఆయన జీవితం ఒంటరిగా గడిచింది. ఆనాటి అమెరికా చట్టాల ప్రకారం భారతీయులు ఆ దేశ పౌరులు కావడానికి అర్హులు కారు. 1946లో చట్టం మారినా ఆయన పౌరసత్వం స్వీకరించలేదు. స్వదేశం స్వాతంత్ర్యం పొందిన ఏడాదికే, 1948 ఆగస్టులో, న్యూయార్క్‌లో ఒక రాత్రి నిద్రలోనే ఆయన గుండె ఆగిపోయింది. అప్పటికి వయస్సు 53 సంవత్సరాలు. కండరానికి శక్తినిచ్చే పదార్థాలను లోకానికి చూపిన శాస్త్రజ్ఞుడు గుండెకండరం విఫలమై మరణించడం విధి వైపరీత్యం. ఆ గుండె ఎందుకు విఫలమవుతుందో లోతుగా తెలుసుకొనే మార్గాన్ని మాత్రం ఆయన పరిశోధనలు అప్పటికే తెరచి ఉంచాయి.

గుండెకు శక్తితో పాటు కాల్షియం కూడా అవసరమన్న సంగతి అంతకుముందే తెలిసింది. 1883లో లండన్ వైద్యుడు సిడ్నీ రింగర్ కప్ప గుండెను ఉప్పుద్రావణంలో ఉంచి ప్రయోగాలు చేశారు. సహాయకుడు శుద్ధజలానికి బదులు కుళాయి నీటితో ద్రావణం తయారుచేసినప్పుడు గుండె చక్కగా కొట్టుకొంది. శుద్ధజలంతో చేసినప్పుడు ఆగిపోయింది. కుళాయి నీటిలో ఉన్న కాల్షియమే ఈ భేదానికి కారణమని రింగర్ గ్రహించారు. నేటి విజ్ఞానం ఈ రెండు దారులనూ కలిపింది. ప్రతి స్పందనలోనూ కాల్షియం గుండె కణంలోనికి ప్రవేశించి, కణంలోపలి సంచివంటి గదిలో నిల్వ ఉన్న మరింత కాల్షియాన్ని విడుదల చేయిస్తుంది. ఆ కాల్షియమే ఆజ్ఞగా కండరపు పోగులు ముడుచుకుంటాయి. ఆ తరువాత కాల్షియం తిరిగి గదిలోనికి చేరితేనే గుండె విప్పారి, రక్తంతో నిండుతుంది. దానిని తోడిపోసే పంపు ఒక ప్రోటీన్. దాని పేరు సెర్కా. ఒక్క ఏ.టి.పి. అణువును ఖర్చుచేసి అది రెండు కాల్షియం అయాన్లను లోనికి తోడుతుంది. పొలంలోని నీటిని కాలువలోనికి తోడే యంత్రానికి ఇంధనం ఎలాగో, సెర్కాకు ఏ.టి.పి. అలాగ. ముడుచుకోవడం మాత్రమే శ్రమ అని, విప్పారడం విశ్రాంతి అని తోస్తుంది. నిజానికి గుండెకు విశ్రాంతి కూడా శక్తితో కొనుక్కోవలసినదే.

ఈ పంపు ఎంత వేగంగా పనిచేస్తున్నదో తెలుసుకోవడానికి ఒక మార్గం, అది ఖర్చుచేసిన ఏ.టి.పి. నుండి విడివడిన ఫాస్ఫేట్‌ను కొలవడం. అందుకై ఎన్నో ప్రయోగశాలలు దశాబ్దాల పాటు ఉపయోగించిన సాధనం ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. సెర్కాకు కళ్ళెం వంటి మరొక చిన్న ప్రోటీన్ ఉన్నది. 52 అమైనో ఆమ్లాలు గల ఆ ప్రోటీన్ పేరు ఫాస్ఫోలాంబన్. సాధారణ స్థితిలో అది పంపు వేగాన్ని అదుపులో ఉంచుతుంది. చెట్టు ఎక్కేటప్పుడో, భయపడినప్పుడో ఎడ్రినలిన్ విడుదలైతే ఈ ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ బృందం అతుక్కొని కళ్ళెం వదులవుతుంది. పంపు వేగం పెరుగుతుంది. గుండె బలంగా ముడుచుకొని త్వరగా విప్పారుతుంది.

ఈ కళ్ళెం అసలే లేకపోతే ఏమవుతుంది? దీనిని పరీక్షించడానికి అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫాస్ఫోలాంబన్ జన్యువును తొలగించిన చిట్టెలుకలను సృష్టించి, ఫలితాలను 1994లో ప్రకటించారు. ఆ ఎలుకల గుండెలు విశ్రాంత స్థితిలోనే అధిక బలంతో ముడుచుకొని, అధిక వేగంతో విప్పారాయి. ఎడ్రినలిన్ వంటి మందును ఇచ్చినా వాటిలో అదనంగా వచ్చిన మార్పు స్వల్పమే. కళ్ళెం ముందే తొలగిపోయింది కనుక వదలడానికి ఏమీ మిగలలేదు. గుండె బలహీనతకు లోనయ్యే మరొక జాతి ఎలుకలలో ఈ జన్యువును తొలగించినప్పుడు వ్యాధి నివారింపబడినట్లు 1999లో తేలింది. మానవులలో గుండె వైఫల్యానికి మందు దొరికినట్లేనన్న ఆశ శాస్త్రలోకంలో చిగురించింది.

అయితే 2003లో వెలువడిన మరొక పరిశోధన శాస్త్రజ్ఞులను ఆలోచనలో పడవేసింది. పుట్టుకతోనే ఫాస్ఫోలాంబన్ లోపించిన మనుషులలో గుండె బలపడటానికి బదులు సాగి, పలుచబడి, గుండె మార్పిడి అవసరమయ్యేంతగా క్షీణించింది. ఎలుకకు మేలు చేసినది మనిషికి కీడు చేసింది. ఎలుక గుండె నిమిషానికి 500 నుండి 600 సార్లు కొట్టుకుంటుంది. అందులో కాల్షియంలో 90 శాతానికి పైగా సెర్కా ద్వారానే తోడబడుతుంది. మనిషి గుండెలో ఆ భాగం సుమారు 70 శాతం మాత్రమే. మిగిలినది ప్రధానంగా మరొక మార్గంలో కణం వెలుపలికి పోతుంది. నిదానంగా కొట్టుకునే మనిషి గుండెకు వేగాన్ని పెంచుకొనే నిల్వబలం కావాలి. కళ్ళెం లేని గుర్రానికి ఆ నిల్వ ఉండదు. సెర్కా జన్యువును రోగుల గుండెలోనికి పంపే చికిత్సను 250 మందిపై పరీక్షించగా ఆశించిన మేలు కలుగలేదని 2016లో ప్రచురితమైన ఫలితాలు తెలిపాయి. ఎలుకలలోని ప్రయోగం మార్గం చూపగలదు గాని గమ్యాన్ని నిర్ణయించలేదు. ప్రకృతి చెప్పే చిన్న సమాధానాన్ని కూడా ఓపికతో వినాలన్న సుబ్బారావు పద్ధతే ఇక్కడా అనుసరణీయం.

ఈ అన్వేషణలో సుబ్బారావు కనుగొన్న పదార్థాల ప్రాధాన్యం తగ్గలేదు. బలహీనపడిన గుండెలో ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.ల నిష్పత్తి పడిపోతుందని, అది ఎంతగా పడిపోతే రోగి ప్రాణానికి అంత ప్రమాదమని 1997లో జర్మనీ వైద్యులు గుర్తించారు. శరీరాన్ని కోయకుండానే, అయస్కాంత క్షేత్రం సహాయంతో ఈ రెండింటినీ గుండెలో కొలిచే సాధనాలు వచ్చాయి. 1927లోను, 1929లోను ఒక తెలుగు పరిశోధకుడు గాజుకుప్పెలలో చూచిన పదార్థాలు రోగి భవిష్యత్తును తెలిపే సూచికలయ్యాయి.

మరణానంతరం ఆయనకు కొంత గౌరవం లభించింది. ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలాశాఖ ఆయన స్మృత్యర్థం తపాలాబిళ్ళను విడుదల చేసింది. ఆయనకు నోబెల్ బహుమతి రాలేదు. పరీక్షలలో అపజయం, పట్టాలో అన్యాయం, పరదేశంలో పేదరికం, పరిశోధనలో తగిన గుర్తింపు లేకపోవడం – ఇవేవీ ఆయన పనిని ఆపలేకపోయాయి. తల్లి కోరిక మేరకు సన్యాసం మానుకున్నా, ప్రయోగశాలనే ఆశ్రమంగా చేసుకొని ఆయన జీవించారు.

కోనసీమ తోటలో దింపు కార్మికుడు తెల్లవారుజామున తొలిచెట్టుపై కాలు మోపినప్పుడు అతని కాలి కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ కరిగి ఏ.టి.పి.ని పూరిస్తుంది. అతని గుండెలో లెక్కకందని పంపులు ఆ ఏ.టి.పి.ని ఖర్చుచేసి కాల్షియాన్ని తోడుతుంటాయి. అతడు చెట్టు దిగి సేదతీరినా అవి తమ పనిని ఆపవు. ఆ శ్రమను తొలిసారి లెక్కగట్టినవారిలో ఒకరు, ఆ తోటకు నదిని దాటితే చేరుకోగలిగినంత దూరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.